బొమ్మ నెత్తిన కుల్లాయి

మా వీధి సవరాల జేజి పోయిందని పోయిన బుధవారం పొద్దున ఫోను వచ్చింది. చేసింది ఆమె కూతురు, కమలాపురం నుంచి. "మాయమ్మ పోయిందన్నా. కాఫీ తాగి గోడకు ఆనుకోని కూచునింది. గ్లాసు తీసుకుందామని పోతే పలకల్యా" అంది. వస్తున్నానని చెప్పాను. ఆ సమయానికి నా ముందు గిన్నెలో, వేడినీళ్లలో ఒక బొమ్మ తల నానుతూ ఉంది. దాన్ని బయటికి తీసి, తడి తుడిచి, మెత్తని గుడ్డలో చుట్టి గూట్లో పెట్టాను. ఆ తర్వాతే చెప్పులు వేసుకున్నాను. నానేసిన తలను నీళ్లలో వదిలిపెట్టి ఎక్కడికీ పోగూడదని నేర్పింది ఆమే.

కర్నూలు నుంచి కడప బస్సు, అక్కడి నుంచి కమలాపురానికి ఇంకో బస్సు. చేరేసరికి మధ్యాహ్నం దాటింది. వసారాలో చాప మీద పడుకోబెట్టారు. ముఖం ఎప్పటిలాగే ఉంది, ఏదో పనిలో తప్పు పట్టబోతున్నట్టు. వచ్చినవాళ్లలో ఒకరు నన్ను చూసి "ఈయనెవురు?" అని అడిగారు. "కర్నూల్లో మాయమ్మ శిష్యుడు" అని చెప్పింది ఆమె కూతురు.

అంతకు ముందు ఎవరూ నన్ను ఆ మాట అనలేదు. నేను బడికి పోయింది తక్కువ. చదువూ లెక్కలూ చేతిపనీ చూసి నేర్చుకున్నవే. నాకు గురువులు లేరని చెప్పుకునేవాణ్ణి, కొంచెం గొప్పగానే. అది నిజం కాదని ఆ వసారాలో నిలబడినప్పుడు ఒప్పుకున్నాను. ఆమె గురించి తెలిసినవాడిగా నాలుగు మాటలు రాయడం నా బాధ్యత.

మా వైపు జేజి అంటే నాయనమ్మ. ఆమె నాకు బంధువు కాదు. కర్నూలు పాతబస్తీలో మా ఇంటికి నాలుగిళ్ల అవతల ఉండేది. ఆడవాళ్లు జడ ఒత్తుగా, పొడుగ్గా కనిపించడానికి కలుపుకునే సవరాలు కట్టేది. వీధివీధంతా ఆమెను సవరాల జేజి అనే పిలిచింది. వాళ్ల నాయన నాటకాల వాళ్లకు జుట్టు టోపాలు కట్టేవాడట. పదేళ్ల వయసుకే తానూ కట్టానని చెప్పుకునేది. "దేవుండ్ల జుట్టు మా నాయన కడతాండె. రాక్షసుల జుట్టు నాకు ఇస్తాండె. రాక్షసులకు వరస వంకరపోయినా ఎవురూ అడగరు గదా" అనేది.

నా సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. ఇరవై ఏళ్లు ఒక బట్టల అంగట్లో రోజువారీ లెక్కలు రాశాను. ఆ అంగడి మూతపడ్డాక, అప్పటిదాకా సెలవు పూట సరదాగా చేసుకునే బొమ్మల మరమ్మతునే బతుకుతెరువు చేసుకున్నాను. మామూలు ఆటబొమ్మలు కావు. పెద్దవాళ్లు ఇష్టంగా కొని, అద్దాల బీరువాల్లో దాచుకునే బొమ్మలు. తల పెద్దది, ఒళ్లు చిన్నది. వెనక దారం లాగితే కండ్ల రంగు మారుతుంది. కొన్నవాళ్లు వాటిని అలాగే ఉంచుకోరు. తమకు నచ్చినట్టు పెదవులకు రంగు మార్పిస్తారు, కండ్లు మార్పిస్తారు, అన్నిటికంటే ఎక్కువగా జుట్టు మార్పిస్తారు.

జుట్టు మార్చడం అనుకున్నంత తేలిక కాదు. ఆ బొమ్మకు వెంట్రుకలు నేరుగా బుర్రకు ఉండవు. మెత్తని రబ్బరు తొడుగు ఒకటి ఉంటుంది, వెంట్రుకలన్నీ దానికి నాటి ఉంటాయి. ఆ తొడుగును లోపలి గట్టి ప్లాస్టిక్ బుర్రకు జిగురుతో అతికించి ఉంటారు. కొత్త జుట్టు పెట్టాలంటే ముందు ఆ తొడుగును చిరగకుండా, బుర్రకు గీత పడకుండా ఊడదీయాలి. జేజి దాన్ని మొదటిరోజు నుంచీ కుల్లాయి అనే అంది. నేనూ అదే అంటాను.

మొదటి బొమ్మను నేను పాడుచేశాను. ఫోనులో వీడియో చూసి, వంటింటి చాకుతో ముందు నుదుటి దగ్గర మొదలుపెట్టి, బలం పెట్టి లాగాను. కుల్లాయి నుదుటి దగ్గర రెండు వేళ్ల మేర చిరిగింది. బుర్ర మీద చాకు గీతలు మూడు పడ్డాయి. చిరిగిన చోట కప్పడానికి కొంచెం జుట్టు దొరుకుతుందేమోనని జేజి ఇంటికి పోయాను. ఆమె బొమ్మను చేతిలోకి తీసుకొని అటూ ఇటూ తిప్పింది.

"ఎవురప్పా ఈ బిడ్డను ఒలిచింది?"

"నేనే."

"కోడిని ఒలిచినట్టుండాది. యాడ నేర్చుకున్యావు?"

"ఫోన్లో చూసి చేసినా జేజీ."

"వాడు చూపిచ్చినాడు, నువ్వు చూసినావు. మధ్యలో ఈ బిడ్డను ఎవురన్నా అడిగినారా?"

ఆమె నవ్వి, ఇంకో బొమ్మ ఉంటే తీసుకురమ్మంది. తెచ్చాను. తలను విప్పే పని నాది. వెనక మరలు తీసి, కండ్ల యంత్రాన్ని బయటపెట్టి, ఖాళీ చిప్ప మాత్రం ఆమె చేతికిచ్చాను. మరలంటే ఆమెకు తెలియదు. జుట్టంటే నాకు తెలియదు. ఆ రోజు నుంచి పని అలాగే పంచుకున్నాం.

నీళ్లు పసిబిడ్డకు పోసేవాటికంటే ఒక పిసరు వేడిగా ఉండాలనేది. చెయ్యి పెడితే ఉండగలగాలి, హాయిగా మాత్రం ఉండకూడదు. తల నానాక ఆమె తీసేది చాకు కాదు. పాతకాలంలో తలలో ఈపులు తీయడానికి వాడే కొయ్య ఈర్పెన. దాని సగం ముక్కను ఆముదం పెట్టి గాజులాగా నున్నగా రుద్ది ఉంచుకుంది. దాని అంచును చెవి వెనక నుంచి కుల్లాయి కిందికి పోనిచ్చేది. ఒక గోరంత దూరం. అక్కడ ఆపి, బొటనవేలితో నొక్కి, మళ్లీ గోరంత. మెడ చుట్టూ తిరిగి రెండో చెవి దాకా వచ్చాక పైకి. నుదురు అన్నిటికంటే చివర. నడినెత్తిన పాపిట కింద జిగురు ఎక్కువ ఉంటుంది, అక్కడ మళ్లీ నీళ్లు పోసేది.

"లాగొద్దు. అడుగు" అనేది. "వస్తానంటే తియ్యి. రానంటే ఇంకో చెంబు నీళ్లు పొయ్యి. అంతకు మించి ఈ పనిలో ఏమీ ల్యాదు."

నాకు ఏ పనైనా రాసుకునే అలవాటు. రోజూ చేసిన పని ఆ రోజే పుస్తకంలో ఎక్కిస్తాను. ఆమె తల నానబెట్టినప్పుడు గడియారం చూసి రాసుకుంటుంటే ఊరుకోలేదు.

"ఏం రాస్తాండావప్పా?"

"ఇరవై నిమిషాలని."

"ఈ తల ఇరవై. రేపొచ్చే తల నలభై పెట్టొచ్చు. నీ తలకూ నా తలకూ ఒకటే లెక్కా?"

నిజంగానే రెండో తలకు ముప్పై ఐదు పట్టింది. అయినా నేను రాయడం మానలేదు, ఆమె ఎగతాళి మానలేదు. నెలలు గడిచాక ఒకరోజు ఒక పాత రకం బొమ్మ వచ్చినప్పుడు, "ఇట్లాంటిది ముందు ఒకటొచ్చింది గదా, దానికెంత రాసినావు?" అని అడిగింది. చెప్పాను. తల ఊపి నీళ్లు పెట్టింది.

కాలం లెక్క కంటే ఆమె చప్పుడును నమ్మేది. జిగురు వదిలేటప్పుడు చిటుక్కుమని చిన్న చప్పుడు వస్తుంది, పెసలు వేయించేటప్పుడు మొదటి గింజ పేలినట్టు. ఆ చప్పుడు వస్తే ముందుకు, రాకపోతే ఆగడం. మోకాళ్లు సహకరించక ఆరు నెలల కింద కూతురి దగ్గరికి కమలాపురం పోయాక కూడా, నేను ఎక్కడైనా చిక్కుకొని ఫోను చేస్తే, "ఫోను తల కాడ పెట్టు, సప్పుడు ఇనాల" అనేది. పెట్టేవాణ్ణి. కొంచెంసేపు విని, "ఇంకా గెట్టిగుండాది. నీళ్లు మార్చు" అని పెట్టేసేది. అరవై కోసుల దూరం నుంచి ఆమె చెప్పింది ఒక్కసారీ తప్పలేదు.

కుల్లాయి తీసిన తలల మీద చిన్న గుడ్డలు కప్పేది. "బోడితలలు ఒకదాన్నొకటి చూసుకుంటే నవ్వుకుంటాయి" అనేది. మంగళవారం, శుక్రవారం కుల్లాయి ముట్టేది కాదు. "శుక్రవారం కొరియర్ వాళ్లు వస్తారు జేజీ, ఈరోజు తీయకపోతే ఎట్ల?" అంటే, "వచ్చినోన్నే కూచోని తీసి ఎత్తుకపొమ్మను" అనేది. నేను ఆ రెండు రోజులూ కండ్ల పని, రంగుల పని పెట్టుకోవడం నేర్చుకున్నాను. ఇప్పటికీ అంతే.

ఇంకో నియమం ఉండేది. ఎవరి తల నుంచి తీసిన జుట్టైనా దీపాలు పెట్టేవేళకు ఇంట్లో ఉండకూడదు. పసుపు గుడ్డలో ముడికట్టి పారే నీళ్లలో వదలాలి. మనిషి జుట్టుకు ఉన్న మర్యాద బొమ్మ జుట్టుకూ ఉండాలనేది ఆమె పట్టుదల. మా వీధి వెనకే కె.సి. కాలువ. అప్పట్లో నా దగ్గరికి వచ్చేవన్నీ మామూలు వెల బొమ్మలు, పాత కుల్లాయిలు ఎవరికీ అక్కర్లేదు. ఆమె కట్టిచ్చిన మూటలను నేనే ఎన్నోసార్లు కాలువలో వదిలి వచ్చాను. ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఆ తర్వాత జరిగిన తప్పులో ఆమె భాగం ఏమీ లేదని మీకు తెలియాలి.

బెంగళూరులో ఉద్యోగం చేసే ఒకావిడ ఒక బొమ్మను పంపింది. సొంత ఊరు కడప. ఆ బొమ్మను తన మొదటి జీతంతో కొనుక్కుంది. ఆ రకం తయారవడం ఎప్పుడో ఆగిపోయింది. ఎర్రగోధుమ రంగు జుట్టు, ఎండకు కొంత వెలిసి కొసలు పీచులా అయ్యాయి. కొన్నాళ్లు నల్లని పొడుగు జడతో చూసుకోవాలని ఆమె ముచ్చట. కానీ పాత కుల్లాయిని జాగ్రత్తగా తీసి తనకు తిరిగి పంపాలని, ఎప్పుడైనా మళ్లీ అదే పెట్టించుకుంటానని ఫోనుకు రాసింది. ఇలాంటి బొమ్మలకు పాత కుల్లాయి ఉంటేనే విలువ. తన స్నేహితుల దగ్గర ఇంకో పన్నెండు బొమ్మలు ఉన్నాయని, ఇది ఎలా తిరిగొస్తుందో చూసి వాళ్లూ పంపుతారని కూడా రాసింది. అన్నీ చదివి "సరే" అని జవాబిచ్చాను.

జేజికి చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదంటే కారణం లేదు. నేను అవసరమైన మాటే మాట్లాడతానని అందరూ అంటారు. ఆ రోజు అవసరమైనదే మాట్లాడలేదు. మా ఆవిడ మొక్కు ఉందని రెండు రోజులు శ్రీశైలం పోవలసి వచ్చింది. పోయేముందు బొమ్మ మరలు విప్పి, తలను జేజి దగ్గర పెట్టి, "ఇది శానా విలువైంది, నిదానంగా తియ్యి" అని మాత్రం చెప్పి పోయాను.

తిరిగొచ్చేసరికి ఆమె వాకిట్లో కూర్చొని నాకోసమే చూస్తోంది. బుర్రను అరచేతిలో పెట్టి చూపించింది. ఒక్క గీత లేదు, ఒక్క జిగురు చుక్క లేదు.

"చూడప్పా. ఉడకబెట్టిన గుడ్డు ఒలిచినట్టొచ్చింది. నా బతుకులో ఇంత బాగా ఎప్పుడూ రాల్యా."

"కుల్లాయి యాడ జేజీ?"

"యాడేంది? నిన్న సందకాడ కాలవలో ఇడిసినా."

నేను అరుగు మీద కూర్చున్నాను. ఆమె నా ముఖం చూసి బుర్రను ఒళ్లో పెట్టుకుంది. అప్పుడు చెప్పాను, అంతా.

"రెండు దినాలు పోయొస్తానని చెప్తివి. విలువైందని చెప్తివి. కుల్లాయి ఉంచమని ఒక్క మాట చెప్పకపోతివి. చెప్తే నోట్లో ముత్యాలు రాల్తాయా?"

"తప్పు నాదే జేజీ."

"నీదే. లెయ్యి, కాలవ కాడికి పోదాం."

డెబ్బై దాటిన మనిషి. ముందు ఆమె, వెనక నేను. గట్టు వెంబడి మైలు పైనే నడిచాం. బట్టలు ఉతికేవాళ్లను అడిగింది, గేదెలు కడిగేవాళ్లను అడిగింది. చివరికి కాలువ షట్టర్లు చూసుకునే లస్కర్ దగ్గరికి చేరాం. చెత్త అంతా అక్కడి కమ్మీల దగ్గరే ఆగుతుంది. జేజి సంగతి చెప్పింది.

"ఎవురి జుట్టు?" అన్నాడు లస్కర్.

"బొమ్మది."

"బొమ్మకు గూడా గుండు కొట్టిస్తాండావా? యా దేవునికి మొక్కినావు జేజీ?"

"నవ్వు మళ్లీ నవ్వచ్చు. ఆ కొక్కెం కట్టె ఎత్తుకో."

అతను నవ్వుతూనే పొడుగాటి కొక్కెం కట్టెతో కమ్మీల దగ్గర గెలికాడు. విస్తరాకులు, సీసాలు, బంతిపూల దండలు, ఒక చెప్పు వచ్చాయి. చివరికి పసుపు గుడ్డ వచ్చింది. ముడి వీడిపోయి ఉంది. లోపల ఏమీ లేదు. జేజి దాన్ని పిండి రెండుసార్లు విదిలించింది.

"ఇంగ దొరకదు. ఈ నీళ్లు కడప దాకా పోతాయి" అన్నాడు లస్కర్.

"ఆయమ్మది కడపే" అంది జేజి. "అది నేరుగా పుట్టింటికి పోయింది. ఆయమ్మేమో బెంగుళూర్లో ఉండాది."

అంత చిక్కులోనూ నాకు నవ్వొచ్చింది. ఆమెకు రాలేదు.

జరిగింది రాసి పంపుదామనుకున్నాను. "రాసేది మళ్లా. ముందు మాట్లాడు. తప్పు జేసినోళ్లు గొంతు ఇనిపియ్యాల" అని పట్టుబట్టింది. ఫోను చేశాను. జరిగింది జరిగినట్టు చెప్పాను.

"నేను మీకు స్పష్టంగా రాశాను కదండీ" అంది ఆవిడ.

"రాశారమ్మా. మీరు రాసింది చదివాను. పనిచేసే ఆమెకు నేను చెప్పలేదు."

"అది నా మొదటి జీతంతో కొన్నది. మళ్లీ దొరకదు. ఇంకేమీ చేయకండి. ఎలా ఉందో అలాగే పంపించేయండి."

జేజి నా చేతిలో నుంచి ఫోను లాక్కుంది. "అమ్మా, నేను సవరాలు కట్టే ముసల్దాన్ని. కుల్లాయి తీసింది నేను, నీళ్లలో ఇడిసింది నేను. బోడితలతో ఆడబిడ్డను ఇంటికి పంపనమ్మా. పదైదు దినాలు గడువియ్యి."

"అదే జుట్టు మీరు ఎక్కడి నుంచి తెస్తారండీ?"

"అది తేలేను. అది పోయింది. దాని చెల్లెల్ని తెస్తా. నల్లజడ ముచ్చట మళ్లా చూద్దాం. నచ్చకపోతే అప్పుడు నీ నోటికొచ్చినట్టు తిట్టు, ఈన్ని గూడా కలిపి తిట్టు."

ఆవిడ నవ్వలేదు. పదిహేను రోజులు చూస్తానని మాత్రం చెప్పి పెట్టేసింది. ఈ బొమ్మ సరిగ్గా పోకపోతే మిగతా పన్నెండూ రావు, వాళ్లు చెప్పుకునే మాటతో ఇంకెవరూ పంపరు, నేను మళ్లీ ఏదో అంగట్లో గల్లాపెట్టె పక్కన కూర్చోవాలి. ఆ రోజే మా ఆవిడతో అలాగే చెప్పాను. జేజికి ఆ మాట చెప్పలేదు కానీ, ఆమెకు తెలుసు.

ఆవిడ పాత ఫోటోలు పంపింది. నేను ఫోనులో పెద్దవి చేసి చూపిస్తే, జేజి గాజు మీద వేలు పెట్టి పాపిటకు అటూ ఇటూ వెంట్రుకల వరసలు లెక్కపెట్టేది. రెండుసార్లు కాదు, ప్రతిరోజూ. తర్వాత రంగు. ఎర్రగోధుమ జుట్టు మా వీధిలో ఎవరికుంటుంది? జేజి నల్లజుట్టు జోలికే పోలేదు. తెల్లజుట్టు కావాలంది. తెల్ల వెంట్రుకకు గోరింటాకు పెడితే పట్టే ఎరుపు నల్లదానికి పట్టదు. సవరాలకు తెల్లజుట్టు ఎవరూ కొనరు కాబట్టి ఆమె దగ్గర నిలవ లేదు. ఇల్లిల్లూ తిరిగి, తన ఈడు ఆడవాళ్లను అడిగి, సంగతి చెప్పి మరీ తీసుకుంది. చెప్పకుండా ఎవరి వెంట్రుకా తీసుకునేది కాదు.

"నా తెల్లజుట్టు చిన్నపిల్ల బొమ్మకు పెడ్తావా?" అంది ఎదురింటి ముసలామె. "దానికి మోకాళ్ల నొప్పులు పట్టుకుంటే?"

"పట్టుకుంటే నీ మందే పూస్తాంలే. నువ్వేం తక్కువ పూస్తాండావా?" అంది జేజి.

గోరింటాకు, టీ డికాషను కలిపి నానేసింది. మొదటిసారి కాషాయం వచ్చింది. "ఇది సన్న్యాసులకు పనికొస్తాది" అని పక్కన పెట్టింది. రెండోసారి వంకాయ రంగు. మూడోసారి డికాషను తగ్గించి, మిద్దె మీద నీడలో ఆరబెట్టింది. ఫోటో పక్కన పెట్టి చూశాం. నేను బాగుందన్నాను. ఆమె ఎండలోకి తీసుకుపోయి ఒకసారి, ఇంట్లో ఒకసారి, దీపం దగ్గర ఒకసారి చూసింది. అప్పుడు బాగుందంది.

రబ్బరు తొడుగు చేయడం మా వల్ల కాదు. పల్చని మల్లు గుడ్డను జిగురుతో పొర మీద పొరగా బుర్ర మీద అద్ది, ఆరాక ఊడదీస్తే గట్టి గుడ్డ కుల్లాయి వచ్చింది. దానికి సూదితో వెంట్రుకలు నాటి, లోపలివైపు ముడి వేయాలి. పాపిట ఆమె నాటింది. వెనక మెడ దగ్గర నన్ను నాటమంది. జుట్టు పని నాకివ్వడం అదే మొదటిసారి. సాయంత్రానికి నాలుగు వరసలు నాటాను. ఆమె వేలితో తడిమి మూడు వరసలు విప్పేసింది.

"ఇది రాక్షసుల వరస" అంది. "మళ్లీ నాటు."

మళ్లీ నాటాను. మరుసటి రోజు ఒక్కటే విప్పింది. ఆ మరుసటి రోజు ఏదీ విప్పలేదు. ఆ పదిహేను రోజుల్లో నాకు దక్కిన పెద్ద మెప్పు అదే.

నాటుతూ నాటుతూ ఒకరోజు సూది పక్కన పెట్టి, "ఇంకో బొమ్మ వచ్చేలోపల ఒక పద్ధతి పెట్టుకోవాల. నీ నోరు తెరుచుకోదు. నా కన్ను చదవదు. ఏదన్నా గీత గీయి" అంది. అప్పటి నుంచి వచ్చిన ప్రతి బొమ్మ కాలికీ ఒక చీటీ కడుతూ వచ్చాం. పాత కుల్లాయి తిరిగి పంపాల్సి ఉంటే ఇల్లు గీస్తాను. అక్కర్లేకపోతే మూడు అలలు గీస్తాను. మరి ఇల్లు గీసినవాటిని దీపాలవేళకు ఇంట్లో ఎలా ఉంచుతావని అడిగాను. ఆమె ఆలోచించింది. "సొంతగాళ్లు అడుగుతాండారంటే అది తీసేసిన జుట్టు గాదు, ఇడిసిపెట్టిన బట్ట అనుకోవాల. మళ్లీ తొడుక్కుంటారు" అంది. డెబ్బై ఏళ్ల నియమానికి తలుపు తెరవడానికి ఆమెకు పట్టిన సమయం అంతే. తప్పు చేసింది నేనైతే, దారి మార్చుకున్నది ఆమె.

పద్నాలుగో రోజు బొమ్మను పంపాం. మూడు రోజులు ఆమె రోజుకు రెండుసార్లు వచ్చి, "చేరిందా?" అని అడిగింది. నాలుగో రోజు పొద్దున ఆవిడ నుంచి వీడియో కాల్ వచ్చింది. జేజిని పిలుచుకొచ్చి, ఫోనును గోడకు ఆనించి ఇద్దరం ముందు కూర్చున్నాం.

ఆవిడ కిటికీ పక్కన కూర్చొని ఉంది. పెట్టె అప్పటికే విప్పింది. బొమ్మను మెల్లగా ఒక చుట్టు తిప్పింది. పాపిట దగ్గర వేలు పెట్టి చూసింది. కొసలు ముక్కు దగ్గర పెట్టుకుంది, గోరింటాకు వాసన ఇంకా ఉందేమో తెలియదు.

"ఇది అది కాదు" అంది.

"కాదమ్మా" అంది జేజి.

ఆవిడ లేచి పోయి, ఒక చిన్న దువ్వెనతో తిరిగి వచ్చింది. బొమ్మను ఒళ్లో కూర్చోబెట్టుకొని పాపిట నుంచి కొసల దాకా దువ్వింది. జేజి నోట్లోనే లెక్కపెడుతోంది. పాపిట అయింది, చెవుల పక్కన అయింది. మెడ దగ్గర నేను నాటిన వరసలకు వచ్చినప్పుడు ఆవిడ కొంచెం గట్టిగానే దువ్వింది, ఒకసారి, ఇంకోసారి, ఇంకోసారి. తర్వాత ఆ దువ్వెనను వెలుతురుకు ఎత్తి పట్టుకొని, ఫోనుకు బాగా దగ్గరగా తెచ్చింది.

"ఒక్కటీ రాలేదు జేజీ" అంది.

జేజికి ఆ మాట చాలలేదు. ముందుకు వంగి, కొంగుతో ఫోను గాజు తుడిచి, కండ్లు చికిలించి, ఆ దువ్వెన పండ్ల మధ్య సందు సందూ చూసింది. అన్ని సందుల్లోంచీ బెంగళూరు వెలుతురు తప్ప ఇంకేమీ కనిపించలేదు.